జర్మనీ ఇంటికి ఒంగోలు నోటరీ చెల్లుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెలలో ప్రయాణం. ఆన్‌లైన్‌లో ఊరి నడిబొడ్డున రెండు గదుల ఇల్లు చూశాడు, అద్దె నెలకు 800 యూరోలు. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడట. మూడు నెలల అద్దె డిపాజిట్‌గా పంపితే తాళాలు కొరియర్ చేస్తానంటున్నాడు, పాస్‌పోర్టు కాపీ కూడా పంపాడు. బుకింగ్ కింద 300 యూరోలు ఇప్పటికే పంపాం. మిగతాది పంపేముందు ఇక్కడ స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించి నోటరీ చేయిస్తే మాకు రక్షణ ఉంటుందా?
- ఒక రిటైర్డ్ టీచర్, ఒంగోలు

జవాబు: మాస్టారూ, ముందు ఆ మిగతా డబ్బు పంపడం ఆపండి.

నోటరీ ముద్ర పడితే చాలు, మనవాళ్లకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది. సంతకం పెట్టింది ఫలానా మనిషేనని నోటరీ చెబుతారు, అంతే. ఆ మనిషికి మ్యూనిక్‌లో ఇల్లుందో లేదో ఆయనకేం తెలుసు? పైగా మీ ఓనర్ ఒంగోలు వచ్చి సంతకం పెట్టడు కదా. జర్మనీలో అద్దె ఒప్పందానికి స్టాంపు పేపరే అక్కర్లేదు. తగాదా వస్తే ఇల్లున్న ఊరి కోర్టుకే వెళ్లాలి.

మూడు నెలల డిపాజిట్ అనేసరికి మీకు నమ్మకం కుదిరి ఉంటుంది. నిజమే, జర్మనీ సివిల్ కోడ్ 551వ సెక్షన్ అంతవరకు తీసుకోనిస్తుంది. నీళ్లు, హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు, అంతకు మించకూడదు. కానీ అదే సెక్షన్ ప్రకారం ఆ డిపాజిట్‌ను మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకుంది. మొదటి వాయిదా అద్దె మొదలైనప్పుడు కడితే చాలు. ఆ డబ్బును ఓనర్ తన సొంత సొమ్ముతో కలపకుండా విడిగా ఉంచాలి. ఇల్లు చూపించకుండా మొత్తం ముందే పంపమంటున్నాడంటే నాకైతే అది మోసంలాగే కనిపిస్తోంది. మ్యూనిక్ ఆ దేశంలోనే అద్దెలు బాగా ఎక్కువున్న ఊరు, నడిబొడ్డున ఆ రేటుకు రెండు గదులు దొరకడమే అనుమానం. పాస్‌పోర్టు కాపీ అంటారా, అది ఇంతకుముందు మోసపోయిన ఇంకెవరిదైనా కావచ్చు. మీవాడు తన పాస్‌పోర్టు కాపీ అతనికి పంపకుండా చూడండి.

మరి ఇల్లెలా? మీవాణ్ని కంపెనీ హెచ్‌ఆర్‌ను అడగమనండి. మొదటి ఒకటి రెండు నెలలకు ఫర్నిచర్‌తో ఉన్న తాత్కాలిక వసతి చూసుకుని, అక్కడికెళ్లాక కళ్లతో చూసి ఇల్లు తీసుకోవడం మేలు. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ టెన్షన్ ఉండదు. అయితే ఒక్క సంగతి ముందే రాతపూర్వకంగా అడగాలి: ఆ అడ్రసు మీద రిజిస్ట్రేషన్ చేసుకోనిస్తారా అని. ఇంట్లో చేరిన రెండు వారాల్లో అక్కడి మున్సిపల్ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి, దానికి ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. ఆ నమోదు తర్వాతే ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. అది లేకపోతే కంపెనీ జీతంలో ఎక్కువ పన్ను కోసేయొచ్చు. మన కుర్రాళ్లతో రూమ్ షేరింగ్ అయినా సరే, అసలు ఓనర్ అనుమతి ఉందా, ఆ కాగితం ఇస్తారా అని అడగాల్సిందే. తెలుగువాళ్లే కదా అని మొహమాటపడితే ఇబ్బంది మీవాడిదే.

ఇక ఆ 300 యూరోలు. ఈ రోజే బ్యాంకుకు వెళ్లి పేమెంటు వెనక్కి రప్పించమని రాతపూర్వకంగా అడగండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. నేరం ఎక్కడో జరిగిందని స్టేషన్‌లో వెనక్కి పంపబోతే, పరిధితో పని లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని గుర్తుచేయండి. వాట్సాప్ చాటింగ్, ఆ ప్రకటన స్క్రీన్‌షాట్లు, బ్యాంకు రసీదు చెరపకుండా దాచండి. కొన్నాళ్లకు "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపకండి.