చంటిబిడ్డతో విదేశయానం: ప్రయాణాన్ని ఇంటి గడప నుంచే లెక్కపెట్టుకోండి

పురిటికి పుట్టింట్లోనే ఉండిపోయి, భర్త ముందుగా అమెరికా వెళ్లి ఉద్యోగంలో చేరగా, ఐదారు నెలల బిడ్డను ఎత్తుకొని ఒంటరిగా బయలుదేరవలసిన ఆడపిల్లలు గుంటూరు, విజయవాడల్లో ఎందరో ఉంటారు. నేను సెలవులకు గుంటూరు వచ్చినప్పుడల్లా వారి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్ని గంటలు విమానంలో పసిబిడ్డతో మా అమ్మాయి ఒక్కతే ఎలా నెగ్గుకొస్తుందండీ?" ఆ భయం సహజమే. అయితే విమానంలో గడిపే గంటల గురించి పడే ఆందోళనలో సగమైనా, విమానం ఎక్కడానికి ముందు గడిచే గంటల మీద పెడితే ప్రయాణం ఎంతో తేలికపడుతుందని ఇన్నేళ్లుగా చూసి చెబుతున్నాను.

మన వైపు వారి ప్రయాణం శంషాబాద్‌లో మొదలుకాదు. విజయవాడ నుంచి నందిగామ, కోదాడ, సూర్యాపేటల మీదుగా వెళ్లినా, గుంటూరు నుంచి పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా వెళ్లినా శంషాబాద్ చేరడానికి దాదాపు ఐదారు గంటలు పడుతుంది. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు తెల్లవారుజామున బయలుదేరతాయి కాబట్టి, మూడు గంటల ముందుగా చేరాలంటే ముందురోజు సాయంత్రమే ఇల్లు కదలాలి. ఆ పగలంతా సాగనంపడానికి వచ్చిన బంధువుల చేతుల్లో బిడ్డ నలుగుతుంది, పాలు తాగే వేళ తప్పుతుంది, కారులో పట్టీపట్టని నిద్రపోయి దారిలో హోటల్ దగ్గర దీపాల వెలుగుకు ఉలిక్కిపడి లేస్తుంది. బోర్డింగ్ గేటు దగ్గరకు చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ సొమ్మసిల్లి ఉంటారు. అసలు దూరప్రయాణం అప్పటికింకా మొదలే కాలేదు.

అందుకే నేను ముందుగా చెప్పే మాట, వీలున్నంతవరకు ఒకరోజు ముందే హైదరాబాద్ చేరండి. వనస్థలిపురంలోనో ఎల్బీనగర్‌లోనో మన వారి ఇల్లు లేని కుటుంబం అరుదు, అవి విజయవాడ రహదారి మీదనే ఉంటాయి. పగటిపూట బయలుదేరి, సాయంత్రానికి అక్కడికి చేరి, బిడ్డకు స్నానం చేయించి, రోజూ పడుకునే వేళకే పడుకోబెట్టి, అర్ధరాత్రి దాటాక ఓ గంటలోపు దూరంలో ఉన్న విమానాశ్రయానికి వెళ్లడం వేరు. గుంటూరు నుంచి ఏకబిగిన వెళ్లడం వేరు. బంధువులను ఇబ్బంది పెట్టడానికి మొహమాటపడేవారు విమానాశ్రయానికి దగ్గరలో ఒక గది తీసుకోవడం మంచిది. టికెట్ ధరలో పదివేలు మిగిల్చుకోవడానికి నెల రోజులు వెతికిన మనం ఈ ఒక్క రాత్రి ఖర్చుకు వెనకాడవలసిన పనిలేదు.

రెండో దారి, గన్నవరంలో విమానమెక్కి ఢిల్లీ మీదుగా వెళ్లడం. రోడ్డు ప్రయాణం పూర్తిగా తప్పుతుంది. అయితే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. అప్పుడే సామాను గన్నవరంలోనే అమెరికా దాకా తీసుకుంటారు, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి ఏర్పాటు బాధ్యత కూడా విమాన సంస్థదే అవుతుంది. విడివిడిగా తక్కువ ధరకు కొన్న రెండు టికెట్లతో, ఢిల్లీలో రెండు పెద్ద పెట్టెలు దించుకొని, బిడ్డను చంకన వేసుకొని మళ్లీ చెకిన్ వరుసలో నిలబడడం ఒంటరి తల్లికి శిక్షే.

పెద్దవారు వర్జ్యం, రాహుకాలం చూసి బయలుదేరే వేళ నిర్ణయిస్తారు. వారి మనసు నొప్పించనవసరం లేదు. మంచి వేళకు ఒక సంచిని పక్కింట్లో ఉంచి, ప్రయాణం మొదలైనట్టే భావించే ఆచారం మనకు ఉండనే ఉంది. దాన్ని పాటించి, మనుషులు మాత్రం బిడ్డ నిద్రను బట్టి కదలవచ్చు.

టికెట్ కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. రెండేళ్లు నిండని బిడ్డ ఒడిలో కూర్చునేటట్టయితే అంతర్జాతీయ విమానాల్లో సాధారణంగా పెద్దల ధరలో పదో వంతు, దాని మీద పన్నులు తీసుకుంటారు. ఒక పెద్దవారి ఒడిలో ఒక్క బిడ్డకే అనుమతి. వెళ్లేటప్పుడు రెండేళ్లలోపు ఉండి, తిరుగు ప్రయాణానికి రెండేళ్లు నిండితే, ఆ ప్రయాణానికి ప్రత్యేకంగా సీటు కొనాలి. మధ్యలో దిగే ఊళ్లో వ్యవధి గంటన్నరకు తగ్గితే బిడ్డతో పరుగులు తీయాలి, మూడు నాలుగు గంటలుంటే డైపర్ మార్చి, పాలు పట్టి, కాసేపు నేల మీద పాకనిచ్చి స్థిమితంగా ఎక్కవచ్చు. అమెరికాలో తొలిసారి దిగిన ఊళ్లోనే సామాను తీసుకొని, కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి కనుక, అక్కడ ఇంకో విమానం పట్టుకోవలసినవారు ఆ వ్యవధిని మరింత ఎక్కువగా పెట్టుకోవాలి. అబుదాబి మీదుగా నేరుగా అమెరికా వెళ్లే విమానాల ప్రయాణికులకు అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబిలోనే పూర్తవుతుంది. చంటిబిడ్డతో ఉన్నవారికి ఇది పెద్ద సదుపాయమని నేను భావిస్తాను.

బాసినెట్, అంటే ముందు గోడకు తగిలించే చిన్న తొట్టి, అడగనిదే రాదు. టికెట్ కొన్న రోజే విమాన సంస్థకు ఫోన్ చేసి కోరాలి, బయలుదేరడానికి వారం ముందు మళ్లీ ఖాయపరచుకోవాలి. సంస్థను బట్టి బరువు పరిమితి సుమారు 10 నుంచి 14 కిలోల దాకా ఉంటుంది. కుదుపులు వచ్చి సీటు బెల్టు దీపం వెలిగినప్పుడల్లా నిద్రపోతున్న బిడ్డనైనా ఎత్తుకోవలసిందే. ఆ వరుసలో ముందు సీటు ఉండదు గనుక, విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ సంచి కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు, పైన పెట్టేయాలి. కాబట్టి రెండు డైపర్లు, తడి తుడుపు కాగితాలు, ఒక జత బట్టలు, ఒక ప్లాస్టిక్ కవరు ఉన్న చిన్న సంచిని వేరుగా కట్టుకోవాలి. విమానపు మరుగుదొడ్డిలో పెద్ద సంచి విప్పుకొనే చోటు ఉండదు.

ఇక బిడ్డ చెవుల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విమానంలో పిల్లల ఏడుపుకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తు కొండ మీద ఉన్నంతగా తగ్గుతుంది, దిగేటప్పుడు మళ్లీ పెరుగుతుంది. చెవి లోపలి భాగాన్ని గొంతుతో కలిపే సన్నని నాళం తెరుచుకుంటేనే కర్ణభేరికి రెండు వైపులా ఒత్తిడి సమానమవుతుంది. మనం ఆవలించి, గుటకవేసి దాన్ని తెరుచుకుంటాం, పసిబిడ్డకు ఆ సంగతి తెలియదు. నొప్పి ఎక్కువగా వచ్చేది దిగేటప్పుడే. విమానం నేలను తాకడానికి దాదాపు అరగంట ముందే దిగడం మొదలవుతుంది. కాబట్టి ఆ చివరి గంటలో బిడ్డకు కడుపునిండా పట్టకుండా కాస్త ఆకలి మిగిల్చి ఉంచి, కిందికి దిగుతున్నట్టు ప్రకటించగానే తల నిటారుగా ఉండేలా ఒడిలో పెట్టుకొని పాలివ్వడం మొదలుపెట్టాలి. చప్పరించే ప్రతి గుటకకూ ఆ నాళం కాస్త తెరుచుకుంటుంది. నిద్రపోతుంటే జాలిపడకుండా లేపాలి, నిద్రలో గుటకలు తగ్గుతాయి గనుక. ఏడాది దాటిన పిల్లలకు మూతి ఉన్న గ్లాసులో నీళ్లు కొద్దికొద్దిగా తాగించినా చాలు. జలుబు, చెవి నొప్పి ఉన్న బిడ్డను బయలుదేరే ముందు పిల్లల వైద్యుడికి తప్పక చూపించాలి.

నిద్రపుచ్చడానికి దగ్గు మందు, అలర్జీ మందు పట్టమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. అటువంటి మందులు చిన్నపిల్లల్లో ఊపిరికి ప్రమాదం తెస్తాయి, కొందరిలో నిద్రకు బదులు మరింత చిరాకు కలిగిస్తాయి. జ్వరానికి పారాసెటమాల్ చుక్కలను మాత్రం, బిడ్డ బరువును బట్టి వైద్యుడు రాసిచ్చిన మోతాదుతో దగ్గర ఉంచుకోవాలి.

భద్రతా తనిఖీలో బిడ్డ పాలకు, పాలపొడి నీళ్లకు, మెత్తటి ఆహారానికి 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి మినహాయింపు ఉంది. ప్రయాణానికి సరిపడేంత తీసుకువెళ్లవచ్చు. వాటిని ముందే బయటకు తీసి సిబ్బందికి చూపించాలి. వెండి మొలతాడు, గజ్జెలు ఇంటి దగ్గరే తీసి దాచడం మంచిది. అమ్మమ్మలు ప్రేమగా కట్టిచ్చే మూటలను మాత్రం ఒక్కసారి విప్పి చూడండి. గసగసాలు గల్ఫ్ దేశాల్లో నిషిద్ధం, అక్కడ విమానం మారే వారికీ చిక్కే. భారతదేశం నుంచి ప్రయాణికులు బియ్యం తీసుకురావడాన్ని అమెరికా 2011 నుంచి అనుమతించడం లేదు. ఉగ్గుపొడి, రాగిపిండి వంటివి ఏవి ఉన్నా కస్టమ్స్ వారికి దాచకుండా చెప్పాలి. చెప్పినందుకు జరిమానా ఉండదు, దాచినందుకు ఉంటుంది.

పత్రాల పని తేలికే గానీ ముందుగా మొదలుపెట్టాలి. మొదట వచ్చే జనన ధ్రువపత్రంలో చాలాసార్లు బిడ్డ పేరు ఉండదు. బారసాల కాగానే పేరు నమోదు చేయించి, అదే అక్షరక్రమంతో పాస్‌పోర్టు, వీసా, టికెట్ ఉండేలా చూసుకోవాలి. పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి అవసరం కాబట్టి, విదేశంలో ఉన్న తండ్రి సంతకాల సంగతి మొదటి వారంలోనే చూడాలి. ఇద్దరిలో ఒకరితోనో, అమ్మమ్మ తాతయ్యలతోనో బిడ్డ ప్రయాణిస్తుంటే, రానివారి నోటరీ సమ్మతిపత్రం వెంట ఉండడం క్షేమం.

దిగిన తర్వాత మొదటి అవసరం కార్ సీట్. అమెరికాలో చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని కారులో కూర్చోవడం చట్టవిరుద్ధం, అంతకుమించి ప్రమాదకరం. అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోయే సీటును భర్త ముందే కొని, వెనుకవైపు చూసేలా కారులో బిగించి విమానాశ్రయానికి రావాలి. బిగించడం ఆ రోజే నేర్చుకోవద్దని అతనికి ఇప్పుడే చెప్పండి. టీకాల కార్డును పెట్టెలో కాక చేతిసంచిలోనే ఉంచుకోండి. అక్కడి పిల్లల వైద్యుడు తొలిసారి చూసినప్పుడు, ఏ టీకా ఏ తేదీన వేయించారో దానిలోంచే రాసుకుంటాడు.