కుండీలో వానపాములా కనిపించే సన్నని పాము విషసర్పమా?

కాదు, వానాకాలంలో విజయవాడ, గుంటూరు ఇళ్లలో పూలకుండీల దగ్గర, బాత్‌రూమ్ తూముల్లో కనిపించే ఆ నల్లటి సన్నని జీవి గుడ్డిపాము, దానికి విషం లేదు. పెద్దదయినా సుమారు 15 సెంటీమీటర్లే. అడవిలో కుళ్లిన ఆకుల కింద, ఊళ్లో కుండీ మట్టిలో ఉంటూ చీమల, చెదల గుడ్లూ పిల్లలూ తిని బతుకుతుంది. మట్టిలో నీళ్లు నిండితే పైకి రాక తప్పదు.

విచిత్రం ఏమిటంటే ఈ జాతిలో అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి, పిల్లలన్నీ తల్లికి నకళ్లే. కడియం నర్సరీ నుంచి వచ్చిన మొక్క మట్టిలో ఒక్కటి దాక్కుని వచ్చినా చాలు, బెజవాడ మేడ మీద సంతానం మొదలవుతుంది. ఖండాలు దాటిందీ ఎక్కువగా ఇలాగే.

పాపం, దీన్ని నాగుపాము పిల్ల అని చంపేస్తుంటారు. నాగు పిల్ల పుట్టినప్పుడే దీనికన్నా లావుగా, పొడుగ్గా ఉంటుంది, పడగ కూడా విప్పుతుంది. చెవిలో దూరుతుందన్న టెన్షనూ అక్కర్లేదు. వానపాము అనుకుంటే దగ్గరగా చూడండి: ఒంటి మీద ఉంగరాల గీతలుండవు, మెరిసే పొలుసులుంటాయి, బుల్లి నాలుక ఆడిస్తుంది. తోక చివరి ముల్లు గుచ్చుకున్నా ఏమీ కాదు. చెత్త చేటలోకి ఎత్తి మట్టిలో వదిలేస్తే సరి.