‘ఎప్పుడో గానీ రాడు’ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా క్లయింటు శుక్రవారాలు మెయిళ్లకు ఎప్పుడో గానీ జవాబివ్వడు. అదే మాట ‘ద క్లయింట్ రేర్లీ డజంట్ రిప్లై ఆన్ ఫ్రైడేస్’ అని రాస్తే, మా మేనేజరు ‘మంచిదే, అయితే శుక్రవారమే పంపుదాం’ అన్నాడు. ఎక్కడ తేడా కొట్టింది?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మేనేజరును ఏమీ అనలేమమ్మా. మీ వాక్యానికి అర్థం ‘జవాబివ్వకపోవడం అరుదు’ అని. అంటే దాదాపు ప్రతి శుక్రవారమూ ఇస్తాడనేగా! తేడా కొట్టింది మీ ఇంగ్లీషు దగ్గర కాదు, దాని వెనకున్న తెలుగు దగ్గర. మనం ‘ఎప్పుడో గానీ ఇవ్వడు’ అంటాం. ‘గానీ’ పడిందంటే క్రియ వ్యతిరేకంలోకి పోవాల్సిందే, ‘ఎప్పుడో గానీ ఇస్తాడు’ అని ఎవరూ అనరు. ఆ ‘ఇవ్వడు’ని మీరు అలాగే ఇంగ్లీషులోకి మోసుకెళ్లారు. అక్కడ రేర్లీ, సెల్డమ్, హార్డ్లీ ఎవర్ అనే మాటల కడుపులోనే ‘లేదు’ ఉంది. పక్కన ఇంకో ‘నాట్’ చేరితే రెండూ చెల్లుకు చెల్లు. ‘రేర్లీ రిప్లైస్’ అంటే సరిపోయేది.

ఆ ‘లేదు’ నిజంగానే ఉందా అంటే, చివర ప్రశ్న తగిలించి చూడండి. ‘హి ఆఫెన్ కమ్స్’ తర్వాత ‘డజంట్ హి?’ వస్తుంది. ‘హి రేర్లీ కమ్స్’ తర్వాత మాత్రం ‘డజ్ హి?’ అనే అడగాలి. వాక్యం మొదట్లో పెట్టినా అంతే, ‘నెవర్’ పెట్టినప్పటిలాగే మాటల వరస మారుతుంది: ‘రేర్లీ డజ్ హి కమ్’. ఈ వరస రాతలో బాగుంటుంది గానీ ఫోన్లో వాడకండి, పద్య నాటకంలా ఉంటుంది.

సెల్డమ్ గురించి నా అభిప్రాయం ఒకటి చెబుతాను. పుస్తకంలో కనిపిస్తే గుర్తుపట్టండి, మాటల్లో వదిలేయండి. ఇంగ్లీషువాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది ‘హార్డ్లీ ఎవర్’. అందులో ‘ఎవర్’ మాత్రం మింగేయకూడదు. ‘హి హార్డ్లీ ఎవర్ వర్క్స్ ఆన్ సండేస్’ అంటే ఆదివారాలు పనిచేయడం అరుదు. ‘హి హార్డ్లీ వర్క్స్’ అంటే పనే పెద్దగా చేయడని. ఇంటర్వ్యూకు వెళ్లి ‘ఐ వర్క్ హార్డ్లీ’ అని చెప్పొచ్చే పిల్లలకు ఉద్యోగం ఇవ్వాలంటే ఆ కంపెనీవాళ్లకు చాలా పెద్ద మనసుండాలి.

ఇక అకేషనల్లీ. దీని లోపల ‘లేదు’ లేదు. నెలకు ఒక్క జవాబు వచ్చిందనుకోండి, ‘అకేషనల్లీ రిప్లైస్’ అంటే వచ్చిన ఆ ఒక్కటీ కనిపిస్తుంది, ‘రేర్లీ రిప్లైస్’ అంటే రాని మిగతావి కనిపిస్తాయి. లెక్క ఒకటే, ఫిర్యాదు వేరు. మెయిల్ సీసీలో ఆ క్లయింటు కూడా ఉంటే అకేషనల్లీ వాడుకోండి.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. బయాన్యువల్, బయెనియల్ ఎంత బట్టీ పట్టినా తారుమారు అవుతున్నాయి. ఇంటర్‌మిటెంట్, స్పోరాడిక్ కూడా ఒకటే అనిపిస్తున్నాయి.
— ఒక అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: బట్టీ పట్టకండి, మనకు తెలిసినవాటికి ముడిపెట్టుకోండి. నాంపల్లి నుమాయిష్ ఏటా వచ్చేది కాబట్టి యాన్యువల్. మేడారం జాతర రెండేళ్లకోసారి, 2022, 2024, 2026, కాబట్టి బయెనియల్. బయాన్యువల్ అంటే ఏడాదికి రెండుసార్లు. హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం నిటారు స్తంభానికి నీడ పడని రోజులు అలాంటివే, మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వస్తాయి. ఆ రెంటి మధ్య ఆరు నెలల ఎడం లేదు కనుక వాటిని హాఫ్ ఇయర్లీ అనలేం, బయాన్యువల్ అనొచ్చు. బైవీక్లీ జోలికి మాత్రం పోకండి. వారానికి రెండుసార్లు, రెండు వారాలకోసారి, రెండర్థాలూ దానికి ఉన్నాయి. ‘ట్వైస్ ఎ వీక్’ అని విప్పి రాస్తే గొడవుండదు. పుష్కరాలకూ అంతే, ‘వన్స్ ఇన్ ట్వెల్వ్ ఇయర్స్’ అనండి. డిక్షనరీలో ఉన్న పొడుగాటి మాట పేపరు దిద్దేవాళ్లకే తెలియకపోవచ్చు.

జులై ముసురులో వాన పడుతూ ఆగుతూ మళ్లీ పడుతుందే, అది ఇంటర్‌మిటెంట్. స్పోరాడిక్ అంటే ఒక వరసంటూ లేకుండా ఇవాళ ఒకచోట, పది రోజులకు ఇంకెక్కడో. మీ గదికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తుంటే అది రెండూ కాదు. దానికో టైమ్‌టేబుల్ ఉంది, ‘ఆన్ ఆల్టర్నేట్ డేస్’ అనాలి.

ప్రశ్న: మా అబ్బాయి వ్యాసంలో ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని రాశాడు. చంద్రుడు నీలంగా ఉంటాడా?
— ఒక తండ్రి, మల్కాజిగిరి

జవాబు: మామూలుగా ఉండడు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలాక గాలిలో చేరిన ధూళి వల్ల కొన్నిచోట్ల నీలంగా కనిపించాడు, అది వేరే సంగతి. ఇప్పుడు ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పౌర్ణమిని బ్లూ మూన్ అంటున్నారు. ఈ లెక్క 1946లో ఒక అమెరికన్ ఖగోళ పత్రిక పొరపాటున వేసింది, అదే స్థిరపడిపోయింది. జాతీయం అంతకు ముందునుంచే ఉంది. 2018లో ఫిబ్రవరిలో పౌర్ణమే లేదు, దానికి అటు జనవరిలో, ఇటు మార్చిలో రెండేసి వచ్చాయి. ఆ తర్వాత 2020 అక్టోబరు 31న ఒకటి, 2023 ఆగస్టు 31న ఒకటి వచ్చాయి. సగటున రెండున్నరేళ్లు దాటాక గానీ రాదు.

ఈ లెక్కన మన జాతీయమే చవక. నల్లకుంట మార్కెట్లో కూరలమ్మే ఆవిడ నన్ను చూసి ‘ఏందమ్మా, అమాసకో పున్నానికో అగుపిస్తవ్’ అంటుంది. అమావాస్యా పున్నమీ పదిహేను రోజులకోటి వస్తూనే ఉంటాయి, పాపం! బ్లూ మూన్‌కు కాస్త దగ్గరగా వచ్చేది మన ‘పుష్కరానికోసారి’.

మీ వాడి వాక్యం తప్పేమీ కాదు, వ్యాసంలో ఉంచేయమనండి. ప్రిన్సిపాల్‌కు సెలవు చీటీలో మాత్రం ‘వెరీ రేర్లీ’ అని రాయమనండి.