ఎలుక ఏం చేసిందో రాయి

మల్లేశ్వరం, బెంగళూరు.

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

కిందటి ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు ఇచ్చి వెళ్లిన, మనోవ్యాధి మందులను ఎలుకల మీద ఎలా పరీక్షిస్తారో చెప్పే వ్యాసాన్ని రెండుసార్లు చదివానమ్మా. భాష బాగుంది, విషయం కోసం కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది. అయితే ‘పిచ్చెక్కిన ఎలుకకు మందు ఇవ్వగానే నయమైంది’ అన్న వాక్యం దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. ఆ ఎలుకకు పిచ్చి లేదు. దానికి ఆంఫెటమిన్ అనే ఉత్తేజకం ఇచ్చారు. అది మెదడులో నరకణాల మధ్య సందేశాలు మోసే రసాయనమైన డోపమిన్‌ను ఎక్కువగా వెలువరించడంతో, ఎలుక మొదట పెట్టెంతా ఆగకుండా తిరిగింది. మోతాదు పెంచినప్పుడు మాత్రం ఒకేచోట ఉండి తల ఊపుతూ, వాసన చూస్తూ, కొరికినదాన్నే కొరుకుతూ ఉండిపోయింది. మనోవ్యాధికి వాడే హాలోపెరిడాల్ ఇస్తే ఆ చేష్టలు తగ్గాయి. డోపమిన్ చేరవలసిన డీ2 గ్రాహకాలను, అంటే నరకణాల మీద దాన్ని అందుకునే చోట్లను, ఆ మందు ఆక్రమిస్తుంది మరి. నేరుగా గ్రాహకాన్నే ప్రేరేపించే అపోమార్ఫిన్ తెప్పించే చేష్టలను కూడా అది ఆపుతుంది కనుక, అడ్డు పడుతున్నది డోపమిన్ వెలువడడానికి కాదు, దాన్ని అందుకునే చోటనే అని తెలుస్తుంది. ఈ తర్కాన్ని నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. పాఠకుడు ఆగి చూడవలసిన చోటు అదే.

ఇంకా విచిత్రమైనది నువ్వు చివర్లో ఇరికించిన గంట ప్రయోగం. 1953లో ఫ్రాన్సులో సిమోన్ కూర్వాజియే బృందం ప్రచురించిన పరిశోధనలో, గంట మోగగానే తాడెక్కితే నేల మీది కరెంటు షాకు తప్పుతుందని ఎలుకలకు అలవాటు చేశారు. మనోవ్యాధి మందే అయిన క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చాక గంట మోగినా అవి ఎక్కలేదు. ఇటువంటి ప్రయోగాల్లో తగిన మోతాదు ఇచ్చిన ఎలుక హెచ్చరికను పట్టించుకోకపోయినా, షాకు తగలగానే తప్పించుకుంటుంది. అంటే కాళ్లు పడిపోలేదు, నొప్పీ తెలుస్తోంది, గంటకు ఉన్న పట్టు మాత్రం సడలింది. మత్తుమందులిస్తే సాధారణంగా హెచ్చరికకు స్పందించడం, షాకు నుంచి తప్పించుకోవడం రెండూ కలిసే దెబ్బతింటాయి. దీన్ని ‘ఎలుకకు భయం పోయింది’ అని రాయకు. నా తొలి వ్యాసంలో నేనూ అలాగే రాసి, ఎలుక మనసు నీకెలా తెలిసిందని అడిగిన సంపాదకుడికి జవాబు చెప్పలేకపోయాను.

కాలక్రమం కూడా సరిచూసుకో. ఆ ఎలుకలు తాడెక్కడం మానేసిన నాటికి ఈ మందుకూ డోపమిన్‌కూ ఉన్న సంబంధం ఎవరికీ తెలియదు. ఆ దారి చూపినది 1963లో చిట్టెలుకల మెదళ్లను పరీక్షించిన స్వీడన్ శాస్త్రవేత్తలు ఆర్విడ్ కార్ల్సన్, మార్గిట్ లిండ్‌క్విస్ట్‌లు. గ్రాహకాలకు ఈ మందులు ఎంత గట్టిగా అంటుకుంటాయో కొలవడం 1970లలో గానీ కుదరలేదు. నువ్వేమో అంతా ముందే తెలిసి చేసినట్టు రాశావు.

మోతాదు మాట నీ వ్యాసంలో లేనే లేదు. హాలోపెరిడాల్ మోతాదు మించితే, ముందు కాళ్లను కడ్డీ మీద పెట్టిన ఎలుక దిగకుండా అలాగే బిగుసుకుని ఉంటుంది. మనుషుల్లో ఈ మందుల వల్ల వచ్చే బిగుతుకు దాన్ని సూచనగా తీసుకుంటారు. క్లోజపిన్ అనే మరో మనోవ్యాధి మందు గంటకు స్పందనను తగ్గిస్తుంది గానీ ఇలా బిగుసుకుపోయేలా చేయడం అరుదు. హాలోపెరిడాల్ వంటివాటికి సరిపడిన పరీక్షలతో కొత్త మందులను వెతికితే అవి మళ్లీ అటువంటి మందులనే ఏరి ఇస్తాయన్న ఇబ్బంది ఉంది కనుక, నాకైతే ఈ తేడాకే ఒక పేజీ ఇవ్వాలనిపిస్తుంది.

ఇక్కడి మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఓపీ దగ్గర కాసేపు నిలబడితే అనంతపురం, చిత్తూరు తెలుగు వినిపిస్తుంది. బిడ్డకు ఈ మాత్రలే వేస్తున్న తల్లి నీ వ్యాసం చదవవచ్చు. ఎలుకను ‘పిచ్చిది’ అంటే ఆమెకు ఎలా ఉంటుంది? ‘నయమైంది’ అన్న మాట నాలుగుచోట్ల ఉంది. నాలుగూ కొట్టేసి, అక్కడ ఎలుక ఏం చేసిందో రాసి, వచ్చే ఆదివారం పట్టుకురా.

ఇట్లు,
మీ మాస్టారు