తాళం తిప్పితే ‘టిక్’మంటోంది!

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని పెదవాల్తేరు. మా పాత పెట్రోలు కారును రాత్రిళ్లు ఆరుబయటే నిలుపుతాం. వారం రోజులుగా ఉదయం తాళం తిప్పితే ‘టిక్’మన్న శబ్దమే తప్ప ఇంజిన్ తిరగడం లేదు. బ్యాటరీ మార్చి ఏడాదే అయింది. ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చమంటారా?

జవాబు: అప్పుడే వద్దండి. హెడ్‌లైట్లు వేసి ఉంచి తాళం తిప్పండి. వెలుగు బాగా మందగిస్తే ముందు బ్యాటరీని, దానికి తీగలు బిగించే టెర్మినళ్లను, నెగెటివ్‌ను కారు బాడీకి కలిపే ఎర్త్ తీగను చూడాలి. వెలుగు ఏమాత్రం తగ్గకపోతేనే సెల్ఫ్ మోటారు మీద అనుమానం బలపడుతుంది.

సముద్రపు ఉప్పుగాలి తగిలే మీ ప్రాంతంలో టెర్మినళ్లకు, ఎర్త్ తీగను బాడీకి బిగించే బోల్టుకు తుప్పు త్వరగా పడుతుంది. తీగను టెర్మినల్‌కు పట్టి ఉంచే క్లాంపు కింద తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి పేరుకుంటే చిన్న దీపాలు వెలుగుతాయి గానీ, సెల్ఫ్‌కు కావలసిన వంద ఆంపియర్లకు పైబడిన కరెంటు అందదు. ఇంజిన్ ఆపి, ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ తీగ విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పాజిటివ్‌ను ముందుగా బిగించి, పైన వాజలైన్ రాయండి. చేతితో కదిపితే క్లాంపు కదలకూడదు. సగం కార్ల జబ్బు అక్కడే ఉంటుందని నా అనుమానం.

అప్పటికీ ఫలితం లేకపోతే వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టించండి. రాత్రంతా నిలిపిన కారు బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు ఉండాలి. 12.2కు దిగితే బ్యాటరీలో ఛార్జి సగమే ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా 14 వోల్టుల దరిదాపుల్లో లేకపోతే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరును పరీక్షించాలి.