పడవ సంగతి తర్వాత, ముందు తమ్ముడితో మాట్లాడండి

ఉత్తరం: మాది నెల్లూరు. నాన్నగారి ఉద్యోగం వల్ల చెన్నైలో స్థిరపడ్డాం. ఆయన పోయాక తమ్ముణ్ణి నేనే చదివించాను. కొన్నేళ్ల క్రితం ఇద్దరం చెరి సగం వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో తెరచాప పడవ కొన్నాం. ఇద్దరు నడిపే చిన్న ఫైబర్ పడవ. వాడు ఆదివారం వచ్చి నడిపి వెళ్తాడు. కడగడం, రిపేర్లు, ఫీజులు అన్నీ నావే. ఖర్చంతా ఒక పుస్తకంలో రాస్తున్నాను, వాడికి చూపించలేదు. 2023 డిసెంబర్ తుపానుకి వానలో ఒక్కణ్ణే వెళ్లి పడవను కట్టి వచ్చాను. అత్తగారింటికి బెంగళూరు వెళ్లినవాడు ఫోన్ చేసి, 'అన్నయ్యా, బోటు బాగుందా?' అన్నాడు. మా ఆవిడ అమ్మేయమంటోంది. బాబాయి దగ్గర సెయిలింగ్ నేర్చుకుంటున్న మా అమ్మాయి వద్దని ఏడుస్తోంది. అమ్మేయాలా, వాడి వాటా నేనే కొనుక్కోవాలా?
– ఒక అన్నయ్య, పెరంబూర్

జవాబు: అమ్మకం, వాటా సంగతి పక్కన పెట్టండి. దానికి నేను జవాబు చెప్పను. మీ ఉత్తరంలో పడవ మీద కోపం ఎక్కడా కనిపించలేదు. 'బోటు బాగుందా?' అన్న మాట దగ్గరే మీ మనసు ఆగిపోయింది. తడిశావా, తిన్నావా అని తమ్ముడు అడగలేదు. అది గుచ్చుకుంది, గుచ్చుకోవడం న్యాయమే.

మరి మీరేమన్నారు? అది రాయలేదు. 'అంతా బాగుందిలే, నేను చూసుకుంటా' అనే అని ఉంటారు.

సముద్రంలో తిరిగే పడవకి చాకిరీ ఏడాది పొడవునా ఉంటుంది. వెళ్లొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, లేకపోతే కప్పీల్లో ఉప్పు పేరుకుని బిగుసుకుపోతాయి, ఇనుప తీగలు తుప్పు పడతాయి. తెరచాపను ఎండకి వదిలేస్తే కుట్లు చివికిపోతాయి. ఫైబర్‌లో సన్నని పగులు పడినా నీళ్లు చేరి పడవ బరువెక్కుతుంది. అక్టోబర్ వచ్చిందంటే వాయుగుండం వార్తలు మొదలు. మాస్ట్, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభం, దింపాలి, తెరచాప విప్పి ఇంటికి తేవాలి, పడవను నేలకి బిగించి కట్టాలి. 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను చెన్నై దగ్గరే తీరం దాటింది. మీరు రాసిన 2023 డిసెంబర్ తుపాను మిచౌంగ్, అది బాపట్ల దగ్గర దాటినా చెన్నైని వానతో ముంచేసింది. ఆ వానలో మీరు ఒక్కరే ఉన్నారు. ఇదంతా తమ్ముడికి తెలుసా? ఆదివారం వచ్చేసరికి పడవ శుభ్రంగా, తాళ్లన్నీ సర్ది ఉంటే, అది ఎప్పుడూ అలాగే ఉంటుందనుకుంటాడు. ఆ అలవాటు చేసింది మీరే.

ఇద్దరు నడిపే పడవలో ఒకరు చుక్కాని పట్టుకుంటే, రెండోవాళ్లు ముందున్న చిన్న తెరచాప చూసుకుంటూ, పడవ గాలికి ఒరిగిపోకుండా ఒంటి బరువు అటూ ఇటూ మార్చుకుంటూ ఉంటారు. తిప్పే ముందు చుక్కాని పట్టినవాళ్లు గట్టిగా చెప్పి తీరాలి. చెప్పకుండా తిప్పితే బూమ్, అంటే తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, వచ్చి రెండోవాళ్ల తలకి తగులుతుంది. నీళ్ల మీద మీరిద్దరూ ఇలా చెప్పుకుంటూనే ఉంటారు కదా. ఇంట్లో మాత్రం ఒక్క ముక్క చెప్పకుండా అమ్మకం దాకా తిప్పేశారు.

ఆ పుస్తకం నాకు నచ్చలేదు. తండ్రి లేని తమ్ముణ్ణి చదివించినందుకు మీకు చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ అడగకుండా చేసి, మనసులో బాకీ రాసుకోవడం పెద్దరికం కాదు. 'పెద్దవాడివి, సర్దుకుపో' అన్న మాట మన ఇళ్లల్లో ఎంతమంది అన్నయ్యల నోరు నొక్కిందో! ఆత్మగౌరవం ఉన్న మనిషి నోరు తెరిచి అడగాలి, 'ఒరేయ్, ఇది నా ఒక్కడి వల్ల కావట్లేదు, నువ్వూ రావాలి' అని. తమ్ముణ్ణి ఏమీ అనలేక ఆ విసుగంతా మీరు ఇంట్లో చూపిస్తున్నారేమో, అందుకే మీ శ్రీమతి అమ్మేయమంటున్నారేమో, అదీ ఆలోచించండి.

అమ్మాయి విషయంలో తొందరపడొద్దు. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో సెయిలింగ్ చేసింది. ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకని ఇక ఎవరూ అనక్కర్లేదు. మీ పాపకి బాబాయి ఓపిగ్గా నేర్పుతున్నాడు. అలాంటివాణ్ణి బాధ్యత లేనివాడని నేను అనలేను. ఆ శ్రమ మీ పుస్తకంలో ఏ పేజీలోనూ ఉండి ఉండదు.

వానాకాలం ముదరకముందే తమ్ముణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి మాట్లాడండి. అమ్మగారి ముందు వద్దు, మరదలి ముందు అసలే వద్దు. పుస్తకం తీసుకెళ్లొద్దు. పాత లెక్క వదిలేయండి, కష్టమైనా సరే. ఇకమీదట ఖర్చు సగం సగం, కడగడం ఒక వారం నీది ఒక వారం నాది, తుపాను హెచ్చరిక వస్తే ఇద్దరం కలిసి వెళ్దాం అని చెప్పండి. ఆ రోజు ఫోన్ పెట్టేశాక మీకెలా అనిపించిందో కూడా చెప్పండి, గొంతు పూడుకుపోయినా పర్వాలేదు. ఇంత చెప్పాక కూడా వచ్చే డిసెంబర్‌లో అతను ఫోనే చేసి ఊరుకుంటే, అప్పుడు వాటా గురించి రాయండి. జవాబిస్తాను.