రక్తంలో నానోగ్రాముల ప్రోటీన్‌ని కాంతితో ఎలా పట్టుకుంటారు?

విజయవాడ సూర్యారావుపేటలో మీ మామయ్యగారికి చేయించిన ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) రిపోర్టులో లీటరుకు 9 నానోగ్రాములని ఉంది, నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు, అంత తక్కువ ఎలా కొలుస్తారని అడిగారు.

ల్యాబుల్లో ఎక్కువగా యాంటీబాడీకి, అంటే కావలసిన ప్రోటీన్‌ని గుర్తుపట్టి అతుక్కునే అణువుకి, వెలుగునిచ్చే రసాయనం తగిలించి, ఆ వెలుగుని కొలుస్తారు. ఇంకో పద్ధతి నాకు ముచ్చటేస్తుంది: గాజు మీద సుమారు 50 నానోమీటర్ల బంగారు పూత, దాని మీద యాంటీబాడీలు. గాజు వైపు నుంచి కాంతి వేస్తే ఒక కోణంలో పరావర్తనం బాగా పడిపోతుంది. ప్రోటీన్ వచ్చి అతుక్కుంటే ఆ కోణం రవ్వంత జరుగుతుంది. దాన్నే కొలుస్తారు.

అసలు తలనొప్పి ఆల్బుమిన్ అనే ఇంకో రక్త ప్రోటీన్‌తో. లీటరు సీరంలో (గడ్డ తీసేశాక మిగిలే రక్తపు ద్రవంలో) అదే 40 గ్రాముల దాకా ఉంటుంది, ట్రోపోనిన్‌కి వంద కోట్ల రెట్లకు పైనే. మిర్చి యార్డు బస్తాల్లో ఆవగింజని వెతకడం ఇంతకంటే తేలిక! ఆల్బుమిన్ ఊరికే బంగారానికి అంటుకున్నా సిగ్నల్ వచ్చేస్తుంది. అందుకే యాంటీబాడీల మధ్య ఖాళీలను ముందే కప్పేస్తారు. అదీ చాలకపోతే బంగారు నానోకణం తగిలించిన, ట్రోపోనిన్‌కే అతుక్కునే రెండో యాంటీబాడీని పంపి సిగ్నల్ పెంచుతారు.